చిత్తూరు జిల్లా నుంచి ముఖ్యమంత్రి ఒక్కరేనా? మా వాడి క్విజ్ మార్కు పోయింది

అలిపిరి_నాన్న
మా వాడు ఎనిమిదో తరగతి. స్కూల్లో క్విజ్ పెట్టారు. "ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ముఖ్యమంత్రులైనవారు ఎందరు?" అని ఒక ప్రశ్న. వాడు ఇద్దరని రాశాడు. చంద్రబాబు నాయుడు, నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి. కీలో ఒక్కరే అని ఉందంట, మార్కు కోసేశారు. ఆ ఒక్క మార్కుతో రెండో బహుమతి పోయింది. రాత్రి అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. సోషల్ సారుకు ఫోన్ చేస్తే, "కిరణ్ కుమార్ రెడ్డి పుట్టింది హైదరాబాదులో కదండీ, పైగా పీలేరు ఇప్పుడు మన జిల్లాలో లేదు" అన్నాడు. సోమవారం వెళ్ళి మాట్లాడదామనుకుంటున్నా. చరిత్ర తెలిసినవాళ్ళు పాయింట్లు ఇవ్వండి. పార్టీల గొడవ నాకొద్దు, మార్కు కావాలి.

పీలేరు_క్రాస్
ఏందన్నా ఈ అన్యాయం. నల్లారి వాళ్ళది కలికిరి మండలం నగరిపల్లె. ఆయన తండ్రి అమర్‌నాథ్ రెడ్డి వాయల్పాడు ఎమ్మెల్యే, మంత్రి. ఈయన కూడా వాయల్పాడులోనే గెలిచి, 2009లో ఆ నియోజకవర్గం లేకుండా పోతే పీలేరుకు వచ్చాడు. 2010 నవంబరు 25న ప్రమాణం చేసిననాడు మా ఊళ్ళో టపాకాయలు దొరకలేదు, మదనపల్లె నుంచి తెచ్చుకున్నాం. పుట్టిన ఆస్పత్రిని బట్టి జిల్లా రాస్తారా ఎవరైనా?

బెంగుళూరా_మామిడి
అట్లయితే మా పిల్లలందరూ కర్ణాటకోళ్ళే. కాన్పులన్నీ బెంగళూరులోనే అయినాయి.

కుప్పం_బార్డర్
క్విజ్ సారు చెప్పిన రెండో పాయింటు చూడండి. ప్రశ్నలోనే "ఉమ్మడి చిత్తూరు జిల్లా" అని రాసి, మళ్ళీ పీలేరు ఇప్పుడు లేదంటాడేంది? 2022 ఏప్రిల్‌లో కదా పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఆయన సీఎం అయిననాటికి పీలేరు చిత్తూరు జిల్లానే. ఈ ఒక్క పాయింటు చాలు, మార్కు వచ్చేస్తుంది.

గ్రూప్స్_మూడోసారి
కరెక్ట్. ఆయన 2014 ఫిబ్రవరి 19న రాజీనామా చేశాడు, మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చివరి ముఖ్యమంత్రి. ఇది గ్రూప్ 2లో వచ్చే ప్రశ్నే. కాబట్టి జవాబు ఇద్దరే. మీ వాడిది రైటు.

కాళాస్తి_దక్షిణగోపురం
ఇద్దరే అని ఎవరన్నారు?

గ్రూప్స్_మూడోసారి
మూడో ఆయన పేరు చెప్పండి మరి.

కాళాస్తి_దక్షిణగోపురం
నీలం సంజీవ రెడ్డి.

గ్రూప్స్_మూడోసారి
ఆయనది అనంతపురం జిల్లా అన్నా. ఇల్లూరు. ఐదో తరగతి పిల్లోడు కూడా చెప్తాడు.

కాళాస్తి_దక్షిణగోపురం
ఊరు ఇల్లూరే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిననాడు ఆయన ఏ ఊరి ఎమ్మెల్యేనో చూసి రా. శ్రీకాళహస్తి! 1955 ఎన్నికల్లో మా దగ్గర గెలిచాడు. మా తాత రోజూ సన్నిధి వీధిలో కూర్చుని "సీఎం మా ఎమ్మెల్యే" అనేవాడు. మేం పిల్లలం, ముసలాయనకు మతి తప్పిందని నవ్వుకునేవాళ్ళం. తాత పోయాక ఒకసారి లైబ్రరీలో పాత పుస్తకం తిరగేస్తుంటే ఆ మాట నిజమని తెలిసింది. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పీలేరు_క్రాస్
ఇది నాకు తెలీదే! అంటే ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి కాళాస్తి ఎమ్మెల్యే, విడిపోకముందు ఆఖరి ముఖ్యమంత్రి పీలేరు ఎమ్మెల్యే. తలుపు తీసింది మనమే, గొళ్ళెం పెట్టిందీ మనమే.

బెంగుళూరా_మామిడి
గొళ్ళెం ఆయన పెట్టలేదప్పా, పెట్టొద్దని చేయి అడ్డం పెట్టి చేయి నలగ్గొట్టుకున్నాడు.

గ్రూప్స్_మూడోసారి
వెనక్కి తగ్గుతున్నా. నిజమే, మొదటి దఫా శ్రీకాళహస్తి, 1962లో రెండో దఫా డోన్. నేను ఊరు మాత్రమే బట్టీ పట్టా. మధ్యలో 1960 నుంచి 1962 దాకా దామోదరం సంజీవయ్య. ఆయన ముఖ్యమంత్రి అయిననాటికి వయసు 38. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి.

అలిపిరి_నాన్న
నేను రెండు నిలబెట్టుకోవాలని వస్తే మీరు మూడు చేశారు. ఇప్పుడు మా వాడు రాసిందీ తప్పేనా?

చిత్తూరు_పాత_మేష్టరు
కంగారు పడకు నాయనా. "జిల్లా నుంచి" అన్నదే గోడమీద పిల్లి లాంటి మాట. పుట్టిన ఊరా, గెలిచిన సీటా, చదివిన చోటా? ఇది తేల్చకుండా ప్రశ్న అడగడమే తప్పు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, ఇట్లాంటి ప్రశ్న నేనూ ఒకసారి ఇచ్చి పిల్లల తల్లిదండ్రుల చేత మాటపడ్డా. ఇంకొక సంగతి. చాలామంది మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు అంటారు. అది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి. డేరాల్లో ఆఫీసులు పెట్టి నడిపిన ప్రభుత్వం. మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తర్వాత రాష్ట్రపతి పాలన, తర్వాత బెజవాడ గోపాలరెడ్డి. 1956లో తెలంగాణ కలిశాక సంజీవ రెడ్డి. కీలు తయారుచేసేవాళ్ళు ఈ రెండు రాష్ట్రాలనూ కలిపేస్తుంటారు.

ఎస్వీయూ_హాస్టల్_84
ప్రకాశం గారిని తిరుపతి వాళ్ళు తేలిగ్గా తీసుకోకూడదు సార్. ఆయన ఉన్నది పదమూడు నెలలే అయినా, మన యూనివర్సిటీ 1954లో వచ్చింది ఆ పదమూడు నెలల్లోనే. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు, యూనివర్సిటీ తిరుపతికి. చిత్తూరు జిల్లాకు దక్కింది అదే. దక్కినదాంట్లో అదే నికరంగా నిలబడింది చూడండి. రాజధానీ పోయింది, హైకోర్టూ పోయింది, మన ఎస్వీయూ మాత్రం అక్కడే ఉంది.

కుప్పం_బార్డర్
అందులో చదివినాయన నాలుగోసారి ముఖ్యమంత్రి.

ఎస్వీయూ_హాస్టల్_84
అవును, ఎంఏ ఎకనామిక్స్. మా సీనియర్ల సీనియరు. మా టైములో మెస్‌లో కథలు చెప్పేవాళ్ళు, ఏది నిజమో ఏది కల్పనో తెలీదు కాబట్టి ఇక్కడ రాయను.

నగరి_మగ్గం
ఎన్టీఆర్‌ను మర్చిపోయారేంది అందరూ? 1983లో తిరుపతిలో గెలవలేదా?

అలిపిరి_నాన్న
అరె! మా ఊరే. నేనే మర్చిపోయా.

గ్రూప్స్_మూడోసారి
తిరుపతి, గుడివాడ రెండు చోట్లా గెలిచి గుడివాడ ఉంచుకున్నాడు. తిరుపతిలో ఉప ఎన్నిక జరిగింది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

నగరి_మగ్గం
ఎందుకు తీసుకోకూడదు? ఓటేసింది తిరుపతి జనం కాదా? వదిలేసింది ఆయన, మనం వదల్లేదే.

మహిళా_వర్సిటీ_గేటు
వదిలేసినా ఊరికే పోలేదులే. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో, ఆయన వచ్చిన మొదటి సంవత్సరమే పెట్టారు. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో. మా అమ్మ ఆ వర్సిటీలో చదివిన తొలి బ్యాచీల్లో మనిషి. మా తాతకు కో-ఎడ్యుకేషన్ అంటే ఒప్పు కాదు, ఆడపిల్లల వర్సిటీ వచ్చిందనే ఒక్క కారణంతో బస్సెక్కించాడంట. ఆ వర్సిటీ లేకపోతే అమ్మ డిగ్రీతో ఆగిపోయేది, పెళ్ళి చేసేసేవాళ్ళు. ముఖ్యమంత్రులు ఎవరు ఎప్పుడు వచ్చారో నాకు తేదీలు గుర్తుండవు. ఇట్లాంటివే గుర్తుంటాయి.

బెంగుళూరా_మామిడి
తిరుపతి వాళ్ళకు సినిమా హీరో ఇంకోసారి కూడా దొరికాడు, 2009లో. పాలకొల్లు ఓడిస్తే తిరుపతి గెలిపించింది. ఈసారి ముఖ్యమంత్రి మాత్రం కాలేదు.

ఎస్వీయూ_హాస్టల్_84
ఎన్టీఆర్ అంటే నాకు 1984 ఆగస్టు 16 గుర్తొస్తుంది. నా హ్యాండిల్‌లో 84 అందుకే. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. హాస్టల్లో ఒకే ఒక్క రేడియో, వార్డెన్ రూములో. వార్తలు వినడానికి మెట్ల మీద దాకా జనం. పక్కరోజు బస్సుల్లేవు. ఇంటికి పోదామని యూనివర్సిటీ నుంచి రేణిగుంట దాకా నడిచాం నలుగురం, రైలు దొరుకుతుందేమోనని. దార్లో ఎవరో ముసలమ్మ మజ్జిగ ఇచ్చి, "మళ్ళా వస్తాడా నాయనా" అని అడిగింది. ఎవరు అని అడగాల్సిన పని లేదు. 31 రోజులకు మళ్ళా వచ్చాడు. గవర్నర్ రామ్ లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చాక, సెప్టెంబరు 16న. మేం రేణిగుంటలో రాత్రంతా ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం, రైలు రాలేదు. అది వేరే కథ.

పీలేరు_క్రాస్
31 రోజులే ఉన్న నాదెండ్లను కూడా సీఎంల లిస్టులో రాయాలంటే మా గ్రూప్స్ తమ్ముడికి కడుపు మండదా?

గ్రూప్స్_మూడోసారి
అది కాదన్నా మండేది. 1978 నుంచి 1983 దాకా చూడు. ఒకే అసెంబ్లీకి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. ఐదేళ్ళలో నలుగురు. భవనం ఏడు నెలలు, కోట్ల నాలుగు నెలలు కూడా లేడు. ఎవరు ఏ తేదీన వచ్చారో, ఏ తేదీన పోయారో నోటికి రావాలి. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్‌లో పేరు వచ్చేది, మేం చదవలేక చస్తున్నాం.

చిత్తూరు_పాత_మేష్టరు
ఆ నలుగుర్ని మార్చినందుకే కదయ్యా తెలుగువాడి ఆత్మగౌరవం అన్న మాట అంత బలంగా తగిలింది. అంజయ్యను బేగంపేట విమానాశ్రయంలో అందరి ముందూ రాజీవ్ గాంధీ కసురుకున్న సంగతి ఊరూరా చెప్పుకున్నారు. అది 1982 ఫిబ్రవరి. ఆ నెలాఖరుకల్లా అంజయ్య పోయాడు. మార్చిలో కొత్త పార్టీ. పక్క ఏడాది జనవరిలో ప్రభుత్వం.

ఇక అసలు విషయం. మీరు నలుగురి దగ్గర ఆగారు. నేను ఇంకో ఇద్దర్ని కలుపుతాను. మద్రాసు ప్రెసిడెన్సీలో మనం ఉన్నప్పుడు ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి అని తలా ఒకలా పిలిచిన పదవి ఉండేది. 1921 నుంచి 1926 దాకా ఆ పదవిలో ఉన్న పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, పుట్టింది శ్రీకాళహస్తిలో. జస్టిస్ పార్టీ. ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని కులాలకూ వాటా ఉండాలని 1921లో జీవో తెచ్చింది ఆ ప్రభుత్వమే. దేవాలయాల ఆస్తుల మీద ప్రభుత్వ పర్యవేక్షణ తెచ్చిన చట్టం కూడా వాళ్ళ కాలంలోదే. మద్రాసు టి.నగర్‌లో చీరలు కొనడానికి పోయి పానగల్ పార్కు దగ్గర ఆటో దిగుతారు కదా, ఆ పానగల్ ఈయనే.

కాళాస్తి_దక్షిణగోపురం
మేష్టరూ, మీ కాళ్ళు చూపించండి. కాళాస్తికి రెండోది!

మహిళా_వర్సిటీ_గేటు
పానగల్ పార్క్ దగ్గర ఎన్నిసార్లు దిగానో. మా పెళ్ళి చీర అక్కడే కొన్నాం. పార్కు పేరు ఎవరిదో ఒక్కసారీ అనుకోలేదు.

తిరుత్తణి_అల్లుడు
రెండో ఆయన ఎవరో నేను చెప్తా మేష్టరూ. మునుస్వామి నాయుడు కదా?

చిత్తూరు_పాత_మేష్టరు
అల్లుడు గట్టివాడు. చెప్పు.

తిరుత్తణి_అల్లుడు
మా మామగారి ఊరు పక్క మనిషి. బొల్లిని మునుస్వామి నాయుడు, తిరుత్తణి ప్రాంతం. 1930 నుంచి 1932 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లానే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, అటు నుంచి సత్యవేడు ప్రాంతం మనకొచ్చింది. పెళ్ళిచూపులకు పోయినప్పుడు మామగారు "మాది చిత్తూరు జిల్లానే, 1960 దాకా" అన్నాడు. నేను ఇంటికొచ్చి నాయనతో "సంబంధం మన జిల్లానే" అని చెప్పేశా. పెళ్ళయ్యాక తెలిసింది ఇంట్లో అరవం తప్ప ఇంకేం మాట్లాడరని.

బెంగుళూరా_మామిడి
మార్కు కోసేసిన సారు కంటే మీ మామగారే నయం, తేదీ అయినా చెప్పాడు.

గ్రూప్స్_మూడోసారి
నేను ఒప్పుకోను మేష్టరూ. పరీక్షలో అట్లా రాస్తే సున్నా. 1920 నుంచి 1937 దాకా ద్వంద్వ పాలన. ప్రజలు ఎన్నుకున్న మంత్రుల చేతిలో విద్య, వైద్యం, స్థానిక పాలన ఇట్లాంటివే ఉండేవి. పోలీసు, రెవెన్యూ, ఖజానా అన్నీ గవర్నరు దగ్గరే. అది ముఖ్యమంత్రి పదవి ఎట్లవుతుంది?

చిత్తూరు_పాత_మేష్టరు
మంచి అభ్యంతరమే. కానీ చేతిలో అధికారం తక్కువ ఉన్నంత మాత్రాన పీఠం కాకుండా పోతుందా? సీల్డ్ కవర్లో వచ్చినవాళ్ళ చేతిలో ఎంత ఉండేదో నువ్వే చెప్పావు ఇందాక. పైగా కుర్చీ గొడవ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మునుస్వామి నాయుడిని దించింది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీ. జమీందార్లు ఎదురు తిరిగారు, 1932లో బొబ్బిలి రాజా వచ్చి కూర్చున్నాడు. 1984, 1995 చూసినవాళ్ళకు ఇది చదివితే కొత్తగా ఏమీ అనిపించదు.

నగరి_మగ్గం
మేష్టరూ ఇది బాగుంది. అంటే 1995లో లాగా ఎమ్మెల్యేలను ఉంచడానికి వైస్రాయ్ హోటలు ఒకటి లేదంతే.

(ఈ మధ్యలో ఉన్న తొమ్మిది పోస్టులు తీసేశాం)

మోడరేటర్
1995 ప్రస్తావన రాగానే ఇద్దరు సభ్యులు మొదలుపెట్టారు. వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న చర్చకు వేరే దారం ఉంది, పన్నెండేళ్ళుగా నడుస్తోంది, అక్కడికెళ్ళి కొట్టుకోండి. ఇక్కడ 1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి మారారన్నంత వరకే.

అలిపిరి_నాన్న
థాంక్స్ మోడరేటర్ గారూ. మా వాడు కూడా చదువుతున్నాడు ఇది.

వాకాడు_రొయ్య
నన్ను కూడా కలుపుకోండి. నేదురుమల్లి జనార్దన రెడ్డి మా వాకాడు. 1990 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు దాకా. మేం పుట్టినప్పటి నుంచి నెల్లూరు జిల్లా అనుకుంటూ బతికాం, 2022లో తిరుపతి జిల్లాలోకి తోశారు. జిల్లా కలెక్టరేట్ ఇప్పుడు నాకు గంటలు గంటలు ప్రయాణం. ఆ కష్టానికి కనీసం ఒక ముఖ్యమంత్రినైనా మీ లెక్కలో రాసుకోండి.

కుప్పం_బార్డర్
క్విజ్ సారు పద్ధతి ప్రకారం అయితే రాయాల్సిందే! "ఇప్పుడు ఏ జిల్లా" అని కదా ఆయన లెక్క. పీలేరు పోయింది కాబట్టి కిరణ్ కుమార్ రెడ్డిని తీసేస్తే, వాకాడు వచ్చింది కాబట్టి జనార్దన రెడ్డిని కలపాలి. సొరకాయ కోసేటప్పుడు ఒక పక్కే కోస్తారా?

పీలేరు_క్రాస్
అన్నా ఈ పాయింటు రాసుకో. సోమవారం సారు నోరు మూతపడుతుంది.

కుప్పం_బార్డర్
ఇంకో తమాషా. అదే పద్ధతిలో చంద్రబాబు ఎవరికి చెందుతాడు? పుట్టింది నారావారిపల్లె, చంద్రగిరి మండలం. అది తిరుపతి జిల్లా. 1978లో 28 ఏళ్ళు నిండకముందే మొదటిసారి గెలిచింది కూడా చంద్రగిరే, కాంగ్రెస్ నుంచి. 1983లో అక్కడే ఓడిపోయాడు. 1989 నుంచి ఇప్పటిదాకా ఎనిమిది సార్లు వరసగా కుప్పం. అది చిత్తూరు జిల్లా. కాబట్టి చిత్తూరు జిల్లా స్కూల్లో అడిగితే మావాడు, తిరుపతి జిల్లా స్కూల్లో అడిగితే మీవాడు.

మహిళా_వర్సిటీ_గేటు
చంద్రగిరి ఓడించింది కాబట్టి తిరుపతి జిల్లా వాళ్ళు మాట్లాడే హక్కు పోగొట్టుకున్నారు. (తమాషాకే, మోడరేటర్ గారూ!)

అలిపిరి_నాన్న
అలిపిరి పేరు పెట్టుకున్నాను కాబట్టి ఒకటి రాస్తా. 2003 అక్టోబరు 1. బ్రహ్మోత్సవాలు. స్వామికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించడానికి ముఖ్యమంత్రి వస్తున్నాడని మధ్యాహ్నం నుంచే రోడ్డు ఆపేశారు. అప్పట్లో నాకు బొమ్మల కొట్టు ఉండేది, షట్టర్ సగం దించి కూర్చున్నా. పిడుగు పడ్డట్టు శబ్దం. టపాకాయల గోడౌను పేలిందనుకున్నాం ముందు. తర్వాత జనం పరుగులు. క్లేమోర్ మైన్లు అని రాత్రి వార్తల్లో విన్నాం. ఆయన గాయాలతో బతికి బయటపడ్డాడు. ఇన్నేళ్ళూ ఒకటి గమనించలేదు. పైన మేష్టరు రాసిన తేదీ చూశాక తట్టింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1కి అది సరిగ్గా యాభై ఏళ్ళు.

ఎస్వీయూ_హాస్టల్_84
తేదీ కలవడం నేనూ గమనించలేదు. ఆ సానుభూతితో గెలుస్తారని అసెంబ్లీని ముందుగానే రద్దు చేశారు. 2004లో ఓడిపోయారు.

నగరి_మగ్గం
మన జిల్లా రాష్ట్ర చరిత్రకు అడ్డంగా తగిలిన ఇంకో తేదీ 2009 సెప్టెంబరు 2. వైఎస్ రచ్చబండ మొదలుపెట్టడానికి వస్తున్నది చిత్తూరు జిల్లాకే. మా బావ అప్పట్లో ఆ కార్యక్రమానికి షామియానాలు, కుర్చీలు సప్లై చేసే కాంట్రాక్టు పట్టాడు. పొద్దున్నుంచి వాన తుంపర. పదిన్నరకు రావాల్సింది, పదకొండు అయింది, పన్నెండు అయింది. అధికారులు సెల్‌ఫోన్లు చెవిన పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారంట. భోజనాల టైముకు జనం ఒక్కొక్కరే లేచిపోయారు. మా బావ మాత్రం సాయంత్రం దాకా కుర్చీలు మడవలేదు. "వస్తే ఎట్ల, వస్తే కూర్చోవడానికి ఉండాలి కదా" అని. పక్కరోజు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిన హెలికాప్టర్ దొరికిందని తెలిశాక లారీ పిలిపించాడు. కుర్చీల బిల్లు ఏమైందని నేను ఇప్పటిదాకా అడగలేదు.

వాకాడు_రొయ్య
...

పీలేరు_క్రాస్
ఆ వార్త వచ్చినరోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా నాయన ఆయనకు ఓటు కూడా వేసినవాడు కాదు.

గ్రూప్స్_మూడోసారి
ఆ తర్వాత వరస: 3వ తేదీన రోశయ్య, 2010 నవంబరులో కిరణ్ కుమార్ రెడ్డి. అంటే ఆ హెలికాప్టర్ మన జిల్లాకు చేరి ఉంటే పీలేరు ముఖ్యమంత్రి ఉండేవాడో లేదో. సారీ, ఇట్లా లెక్కలేయడం బాగలేదు.

చిత్తూరు_పాత_మేష్టరు
చరిత్ర చదివేవాడికి ఆ ఆలోచన వస్తుంది నాయనా, తప్పేం లేదు. సంజీవ రెడ్డి 1964లో దిగిపోయింది కూడా ఎవరూ అనుకోని విధంగానే. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ఏదో వ్యాఖ్య చేసిందని రాజీనామా ఇచ్చేశాడు. ఆయన దిగబట్టే కాసు బ్రహ్మానంద రెడ్డి ఏడున్నరేళ్ళు చేశాడు. జనార్దన రెడ్డి గారూ అంతే, ప్రైవేటు కాలేజీల అనుమతుల మీద హైకోర్టు తీర్పు వచ్చాక దిగారు. కోర్టు మాటకు కుర్చీ దిగినవాళ్ళు ఇద్దరూ మన చుట్టుపక్కల వాళ్ళే అయ్యారు చూడండి.

బెంగుళూరా_మామిడి
ఇంతకీ లెక్క ఎంత తేలింది? నాకు రాసుకోవడానికి పలక చాలడం లేదు. అనంతశయనం అయ్యంగార్ కూడా ఉన్నాడా అందులో?

చిత్తూరు_పాత_మేష్టరు
తిరుచానూరు ఆయన లోక్‌సభ స్పీకరు. ముఖ్యమంత్రి కాదు. దీన్ని ఇక్కడితో ఆపు, లేకపోతే తిరుత్తణి అల్లుడు సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను కూడా పట్టుకొస్తాడు.

తిరుత్తణి_అల్లుడు
టైప్ చేస్తున్నా, చెరిపేశా.

కుప్పం_బార్డర్
ఓట్ల లెక్కలో నలుగురు: సంజీవ రెడ్డి, ఎన్టీఆర్, చంద్రబాబు, కిరణ్ కుమార్ రెడ్డి. మద్రాసు వాళ్ళను కలిపితే ఆరుగురు. వాకాడు తమ్ముడి బాధ చూసి ఇంకొకరు. ఏ లెక్కన చూసినా "ఒక్కరు" రావాలంటే చాలా కష్టపడాలి.

గ్రూప్స్_మూడోసారి
ఎన్టీఆర్‌కు నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు. రికార్డులో పెట్టండి.

అలిపిరి_నాన్న
(మంగళవారం)
నిన్న స్కూలుకు వెళ్ళొచ్చా. ఈ చర్చ ప్రింటు తీసి పట్టుకెళ్ళా, పద్నాలుగు పేజీలు. సారు మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మొత్తం చదివాడు. కాళాస్తి దగ్గర ఆగి "నాకు ఇది తెలీదండీ" అన్నాడు. మునుస్వామి నాయుడి దగ్గర పెన్ను తీసి రాసుకున్నాడు. చివరికి, "కీ మార్చే అధికారం నాకు లేదు, కానీ మీ వాడి జవాబు పూర్తిగా తప్పని కూడా అనలేను" అని అర మార్కు కలిపాడు.

పీలేరు_క్రాస్
అర మార్కా! అంటే చిత్తూరు జిల్లా నుంచి ఒకటిన్నర ముఖ్యమంత్రులా?

బెంగుళూరా_మామిడి
ఆ సగం ఎవరో పీలేరు వాళ్ళు అడగకుండా ఉంటే మంచిది.

అలిపిరి_నాన్న
మా వాడు నన్ను అడుగుతున్నాడు అదే. బహుమతి మాత్రం ఇద్దరికీ పంచారు, ఒక జామెట్రీ బాక్సు వీడికి, కంపాస్ లేకుండా.